లైట్లకు రిమోట్ కూడా ఉంది అంకుల్!

కంప్యూటర్ వేగం కొలవడానికి ఇన్నాళ్లూ పెద్దపెద్దవాళ్లు నానా తంటాలు పడ్డారు. గిగాహెర్ట్జ్ అన్నారు, కోర్లు అన్నారు, ఫ్రేములు లెక్కపెట్టారు. మన అసెంబుల్డ్ పీసీ షాపులవాళ్లు ఆ గోలంతా లేకుండా ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫ్యాన్లు ఎన్ని, అవి ఎన్ని రంగుల్లో వెలుగుతాయి? అంతే. మూడు ఫ్యాన్లుంటే గేమింగ్ పీసీ. ఆరుంటే హై ఎండ్ గేమింగ్ పీసీ. లైట్లు లేవంటే అది గుమాస్తా కంప్యూటర్, జీతాల బిల్లులు చేసుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

ఇంత గొప్ప సిద్ధాంతాన్ని కాదనేంత మొనగాణ్ని కాను. నాకున్నది ఒక్క చిన్న సందేహం. అద్దాల కేబినెట్ మీద "కోర్ ఐ5 గేమింగ్ పీసీ" అని అరచెయ్యంత స్టిక్కర్ అంటించినవాళ్లకు, ఆ ఐ5 ఎన్నో జనరేషనో చెప్పే ఒక్క అంకె వెయ్యడానికి మాత్రం చోటెందుకు దొరకదు?

ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్లకు ఇంటిపేరు. ఆ ఇంట్లో తాతా ఉంటాడు, మనవడూ ఉంటాడు. షాపువాళ్లు చేస్తున్నదల్లా మనవడి ఫొటో చూపించి తాతకిచ్చి పెళ్లి చెయ్యడం. ఆ పెళ్లికొడుకు అసలు పేరు చాలాసార్లు ఐ5-3470. పుట్టింది 2012లో. ఏదో ఆఫీసులో ఏళ్ల తరబడి చాకిరీ చేసి, పాత కంప్యూటర్ల లాట్‌లో బయటపడి, పేస్టు పూయించుకుని మళ్లీ పీటల మీద కూర్చున్నాడు. కూర్చున్న పీట, అంటే మదర్‌బోర్డు, మాత్రం కొత్తదే సుమా! ఆ బోర్డు మీదుండే హెచ్61 చిప్‌సెట్‌ను ఇంటెల్ 2011లో తెచ్చింది. దాంతో చైనాలో ఊరూపేరూ లేని కంపెనీలు ఇప్పటికీ కొత్త బోర్డులు చేసి పంపిస్తూనే ఉన్నాయి. కాబట్టి "బోర్డు బ్రాండ్ న్యూ" అని షాపువాడు గుండెమీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. పాపం, సత్యసంధుడు.

ఇక కౌంటర్ దగ్గరికి రండి.

తండ్రి జేబులో చీటీ పాడగా వచ్చిన ముప్పై వేలున్నాయి. ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ కోసమని కొడుకు ఇంట్లో చెప్పి తీసుకొచ్చాడు. (మన రాష్ట్రాల్లో గేమింగ్ పీసీ ఏదీ గేమ్స్ కోసం కొన్నది కాదు. అన్నీ ప్రాజెక్టు వర్కుకే.) షాపువాడు స్విచ్ నొక్కుతాడు. షాపంతా ఊదారంగు. తండ్రి ఒక అడుగు వెనక్కి వేస్తాడు.

"లైట్లకు రిమోట్ కూడా ఉంది అంకుల్, పట్టుకోండి."

తండ్రి పట్టుకుంటాడు. ఆకుపచ్చ. ఎరుపు. మళ్లీ ఆకుపచ్చ. ఇంట్లో టీవీ రిమోట్ మీద ఏనాడూ దక్కని అధికారం ఇక్కడ దక్కేసరికి ఆయన మొహంలోనూ రంగులు మారుతున్నాయి. "ఇందులో ఆటోక్యాడ్ వస్తుందా బాబూ?" అంటాడు, నీలం నొక్కుతూ. "ఎగురుతుంది అంకుల్! ఫోర్ జీబీ గ్రాఫిక్స్ కార్డు వేశాం."

కొడుకు గొంతు సవరించుకుని, గేమ్ ఏదైనా చూపిస్తారా అన్నా అని అడుగుతాడు. స్క్రీన్ మీద కార్లు దూసుకుపోతుంటాయి. వర్షం, అద్దంలాంటి రోడ్డు. కీబోర్డు ముట్టుకున్నవాడు ఎవడూ లేడు, అయినా కారు మలుపులు బ్రహ్మాండంగా తిరుగుతోంది. ఇంతలో రేసు ఆగిపోయి, పట్టుచీర కట్టుకున్న అమ్మాయి వచ్చి, మీ వాళ్లకు సంబంధాలు వెతుకుతున్నారా అని అడుగుతుంది. షాపువాడు తడబడకుండా మౌస్ అందుకుని స్కిప్ నొక్కుతాడు. "లోడింగ్ అంకుల్." తండ్రి తలూపుతాడు. లోడింగ్ అంటే ఆయనకు తెలుసు.

ఆ ఫోర్ జీబీ కార్డు జీటీ 730. వయసు 2014 నాటిది. డీడీఆర్3 మెమరీతో వచ్చే 64-బిట్ రకంలో డేటా కదిలే వేగం సెకనుకు దాదాపు 14 గిగాబైట్లు. ఓ మోస్తరు గేమింగ్ కార్డు ఆర్‌ఎక్స్ 6600లో అది 224. రెండింటినీ జీబీల్లో కొలిచి అమ్మొచ్చు, చట్టం ఏమీ అనదు.

ఇంటికెళ్లాక జరిగేది క్లుప్తంగా చెప్తాను. విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ కావాలి. మన తాత మూడో జనరేషన్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేసింది. అందుకని షాపువాడు 11నే దొడ్డిదారిన ఎక్కించి పంపిస్తాడు. కుర్రాడు రాత్రి ఫ్రెండ్స్‌తో వాలరెంట్ ఆడదామని కూర్చుంటే, విండోస్ 11 మీద టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేనిదే ఆ గేమ్ తలుపు తియ్యదు. లైట్లు మాత్రం వెలుగుతుంటాయి.

ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, నిజమే. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు మెమరీ అమ్ముకోవడమే లాభమని మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో, మనలాంటివాళ్లు కొనుక్కునే క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. అయితే ఏమిటట? కొత్త ర్యామ్ ఖరీదైందని పాత ప్రాసెసర్ కుర్రది అయిపోతుందా?

వెటకారం ఇక్కడిదాకానే. కేబినెట్‌తో "ఫ్రీ"గా వచ్చే ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, సంగతి వస్తే నాకు నవ్వు రాదు. పైన 450 వాట్స్ అని ఉంటుంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాంత బరువుండదు. లోపల సన్న వైర్లు, ఉండాల్సిన రక్షణ భాగాల చోట ఖాళీలు. ఎండాకాలం కరెంటు ఎక్కువతక్కువలు మన ఊళ్లలో ఎలా ఉంటాయో ఈ షాపువాడికి తెలియదా? అది పోతే ఒక్కటే పోదు, బోర్డునూ డిస్కునూ వెంటబెట్టుకుపోతుంది. ఆరు ఫ్యాన్లకు డబ్బులున్నాయి, రిమోట్‌కు ఉన్నాయి, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రం బడ్జెట్ సరిపోలేదట! రేపొద్దున పొగ వస్తే "దానికి వారంటీ లేదు తమ్ముడూ" అంటావు. ఎవడి డబ్బురా అది? నెలనెలా కట్టిన చీటీ అది.

అదే డబ్బుకు కాస్త అటూఇటూగా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ పెట్టుకుని, ఒక పెద్ద ర్యామ్ స్టిక్కు బదులు రెండు చిన్నవి వేసుకుని, కరెంటు వృథా తక్కువని 80 ప్లస్ ముద్ర ఉన్న ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే, రేకు డబ్బాలోనైనా సరే, సెట్టింగ్స్ తగ్గించి హాయిగా ఆడుకోవచ్చు. డబ్బులు కూడాక కార్డు కొనుక్కోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తు అంతస్తూ తిరిగి, పార్ట్ నంబరు చెప్పి రేటు కనుక్కునే కుర్రాళ్ల జోలికి ఇలాంటి షాపువాళ్లు పోరు. వీళ్లకు కావలసింది రిమోట్ పట్టుకునే తండ్రి.

చివర్లో ఓ మాట అంటారు, "బిల్లు కావాలంటే జీఎస్టీ 18 శాతం ఎక్స్‌ట్రా అవుతుంది అంకుల్, మీ ఇష్టం." ఆయన ఇష్టం ఏముంటుంది, అప్పటికే పర్సు ఖాళీ. ఇక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఏమని చెప్పుకుంటాడు? ఊదారంగు లైటు వెలిగిందనా?

కాబట్టి అంకుల్, ఆ రిమోట్ అవతల పెట్టి బిల్లు అడగండి. బిల్లులో ఐ5 అని కాదు, ఐ5 పక్కన నంబరంతా రాయమనండి. కార్డు పేరు, ఎస్‌ఎంపీఎస్ కంపెనీ పేరు కూడా. అప్పటిదాకా అంత చకచకా మాట్లాడినవాడికి పెన్ను కనబడదు చూడండి.