సవరణ: అమలాపురంలో చూసిన హాస్య నాటకం గురించి

మొన్న అమలాపురంలో చూసిన సాంఘిక హాస్య నాటకం మీద నేను రాసిన పోస్టులో కొన్ని తప్పులు దొర్లాయి.

మొదటిది నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. పెన్షన్ కోసం వచ్చిన తాతకి మిషన్ మీద వేలిముద్ర పడని సీన్లో, ఆ నటుడు డైలాగ్ మర్చిపోయారని రాశాను. కాదట. ఆ మౌనం కావాలనే పెట్టుకున్నదట. వేలు పంచెకి తుడుచుకుని, ఉఫ్‌మని ఊది, మళ్లీ పెట్టి, జనం వైపు చూడటం... అదంతా లెక్క ప్రకారమే. హాలంతా నవ్వుతుంటే నేనొక్కణ్ణే ఆయన కోసం టెన్షన్ పడ్డానన్నమాట!

రెండోది, ఆ నాటకం ఆడినవాళ్లని నాటక పరిషత్తు పోటీల కోసం ఆడే ఔత్సాహికులన్నాను. వాళ్లకి నాటకమే బతుకుతెరువు. రెక్సిన్ సోఫా, లైట్లు, మేకప్ పెట్టె వ్యాన్‌లో వేసుకుని ఊరూరా తిరుగుతారు.

సురభి నాటక సమాజం వాళ్ల ప్రస్తావన తెచ్చి, అది గోదావరి జిల్లాల్లో పుట్టిందన్నాను. సురభి పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో, 'కీచకవధ' నాటకంతో. మా వైపు అభిమానం కాస్త ఎక్కువైంది.

ఇక వాడుక భాషలో నవ్వించడం 'కన్యాశుల్కం'తోనే మొదలైందన్నదీ తప్పే. అది మొదట ఆడింది 1892లో, విజయనగరంలో. అంతకు ముందే, 1880లో, కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో ప్లీడర్ల మీద రాసిన 'వ్యవహార ధర్మబోధిని'ని విద్యార్థులతో ఆడించారు.

పాత పోస్టులో ఇవన్నీ మార్చాను. సోఫా మరీ పాతదన్న మాట మాత్రం అలాగే ఉంచాను.