‘చిన్న అప్లికేషన్‌కి కాపీ పేస్ట్ చాలు’ అనేవాళ్లకు జవాబు

గుంటూరు, విజయవాడ డెవలపర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "రీయూజబుల్ కాంపోనెంట్లు పెద్ద కంపెనీల గొడవ, చిన్న అప్లికేషన్‌కి కాపీ పేస్ట్ చాలు. బ్రౌజర్‌లో చెకింగ్ పెడితే సర్వర్‌లో మళ్లీ అక్కర్లేదు. ఫ్రేమ్‌వర్క్ మారితే కట్టిందంతా వృథా. పైగా పేజీ స్లో అవుతుంది." రీయూజబుల్ కాంపోనెంట్ అంటే ఒకసారి రాసి ఎన్ని చోట్లైనా వాడుకునే ముక్క. చెకింగ్ అంటే టైపు చేసింది సరిగ్గా ఉందో లేదో చూడటం. ఫ్రేమ్‌వర్క్ అంటే అప్లికేషన్ కట్టడానికి వాడే రెడీమేడ్ చట్రం, రియాక్ట్ లాంటిది. ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటున్న పిల్లలు దీన్ని నమ్మేస్తున్నారు. అది నాకు బాధగా ఉంది.

ముందు కాపీ పేస్ట్ సంగతి. మిర్చి యార్డుకు వచ్చే బండ్ల నమోదుకు చిన్న అప్లికేషన్ రాస్తున్నామనుకోండి. బండి నంబరు అడిగే గడి గేటు దగ్గర కావాలి, కాటా దగ్గర కావాలి, కోల్డ్ స్టోరేజీ రసీదులో, బిల్లులో కూడా కావాలి. గుంటూరుకు ఏపీ 07, కృష్ణాకు ఏపీ 16 అని నాలుగు చోట్లా అదే రూల్ అతికించేశారు. 2019లో కొత్త బండ్లకు రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది. తెలంగాణ బండ్లకూ వీలు కల్పించి ఉంటే, 2024 మార్చిలో అక్కడ కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వచ్చింది. మూడు చోట్ల మార్చి నాలుగోది మర్చిపోతే, గేటు దాటి కాటా అయిన లారీకి బిల్లు దగ్గర "నంబరు తప్పు" అని వస్తుంది. వెనక బండ్లు బారులు తీరుతుంటే ఆ గుమాస్తా పడే టెన్షన్‌కి బాధ్యత ఎవరిది? అప్లికేషన్ చిన్నదే. గడి మాత్రం నాలుగు చోట్ల ఉంది. దాన్ని ఒకే కాంపోనెంట్‌గా రాసి ఉంటే ఒక్క చోట మార్చితే సరిపోయేది.

సర్వర్‌లో చెకింగ్ అక్కర్లేదన్న మాట ఇంకా ప్రమాదం. బ్రౌజర్‌లో చెకింగ్ టైపు చేసే మనిషికి సాయం, అంతవరకే. పేజీ తెరవకుండానే నేరుగా సర్వర్‌కి రిక్వెస్ట్ పంపొచ్చు. దురుద్దేశం ఏమీ లేకపోయినా, పొద్దున తెరిచిన ట్యాబ్‌లో సాయంత్రం దాకా పాత రూలే నడుస్తుంటుంది. అందుకే కంటికి కనిపించే గడి, ఖాళీలూ గీతలూ తీసేసి నంబరును ఒకే రూపంలోకి తెచ్చే కోడ్, సర్వర్‌లో మళ్లీ చూసే రూల్, తప్పుంటే ఆ గడి కిందే కనిపించే సందేశం, ఇవన్నీ కలిస్తేనే ఒక కాంపోనెంట్. సర్వర్‌లోనూ బ్రౌజర్ భాష జావాస్క్రిప్టే అయితే రూల్ ఫైలు రెండు వైపులా ఒకటే పెట్టుకోవచ్చు. పీహెచ్‌పీయో పైథానో లాంటి వేరే భాష అయితే అసలు రూల్ సర్వర్‌లో ఉంచి, బ్రౌజర్‌లో తేలికపాటి చెకింగ్‌తో సరిపెట్టుకోండి.

ఫ్రేమ్‌వర్క్ భయానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. కస్టమ్ ఎలిమెంట్స్, అంటే మనమే సొంతంగా తయారుచేసుకునే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, ఆ సదుపాయం బ్రౌజర్‌లోనే ఉంది, ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ పనిచేస్తాయి. సర్వర్ వైపు రాసిన రూల్‌కైతే రియాక్ట్‌తో సంబంధమే లేదు.

స్లో అవుతుందన్న మాటలో మాత్రం నిజముంది. యాభై బండ్ల జాబితాలో ప్రతి వరుసా తన వివరాలు తానే తెచ్చుకుంటే సర్వర్‌కి యాభై రిక్వెస్టులు వెళ్తాయి. కాంపోనెంట్లు మానేస్తే తీరే సమస్య కాదిది. పేజీ ఒక్కసారే జాబితా మొత్తం తెచ్చి ఏ వరుసది ఆ వరుసకు అందించాలి. వరుస తనకిచ్చింది చూపించాలి, మార్పు ఉంటే పేజీకి చెప్పాలి.