ప్రశాంతత వీసా మీద వెళ్ళొచ్చాను

సిటీ వదిలి, దేశం వదిలి, ఒక ఏడాదిపాటు ఎక్కడో నిశ్శబ్దంగా బతికేద్దామనుకునే వాళ్ళందరికీ నా మొదటి సలహా ఒక్కటే. బ్యాగు సర్దుకునే ముందు మోరిస్ కేసు చదవండి. మోరిస్ ఒక కోడిపుంజు. ఫ్రాన్స్‌లో ఒలెరాన్ అనే దీవిలో ఉండేది. పొద్దున్నే కూసేది, అంతకుమించి దాని మీద వేరే ఆరోపణలేమీ లేవు. పక్కనే సెలవుల కోసం ఇల్లు కొనుక్కున్న రిటైర్డ్ దంపతులకి ఆ కూత పడక కోర్టుకెళ్ళారు. 2019 సెప్టెంబరులో రోష్‌ఫోర్ కోర్టు కోడి పక్షాన తీర్పు చెప్పి, పైగా కోడి యజమానికి వెయ్యి యూరోలు నష్టపరిహారం కట్టమని వాళ్ళనే ఆదేశించింది. అంతటితో ఆగిందా, 2021 జనవరిలో ఫ్రాన్స్ ఏకంగా చట్టమే చేసింది, పల్లెటూళ్ళ చప్పుళ్ళూ వాసనలూ కూడా వారసత్వ సంపదేనని. పేడ వాసనకి కూడా చట్టం అండ దొరికింది, పట్నం నుంచి వెళ్ళిన మన చెవులకి మాత్రం దొరకలేదు.

నేను ఆ కేసు చదవకుండానే బయల్దేరాను. అప్పట్లో పై అంతస్తులో డ్రిల్లు, కింద హారన్లు, మధ్యలో నేను. ఒకరోజు రాత్రి పదకొండింటికి ఎవరిదో కారు రివర్సులో పాట పాడుకుంటూ పది నిమిషాలపాటు వెనక్కి వెళ్ళింది (అంతసేపు ఎంత దూరం వెళ్ళిందో నాకిప్పటికీ అర్థం కాదు), ఇక చాలనిపించి, విదేశంలో ఒక చిన్న ఊళ్ళో ఏడాది ఉండాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. నిజంగా నిశ్శబ్దం కావలసినవాడు చప్పుడు చేయకుండా వెళ్ళిపోతాడు. నేను రెండు నెలలపాటు కనబడిన వాళ్ళందరికీ చెప్పాను.

ప్రశాంతతని ప్రభుత్వాలు ఊరికే ఇవ్వవని ఆ రెండు నెలల్లోనే తెలిసింది. కరీబియన్ దీవి బార్బడోస్ 2020 జులైలో వెల్‌కమ్ స్టాంప్ అని, ఉన్న ఉద్యోగాన్ని అక్కడి నుంచే చేసుకునేవాళ్ళకి, పన్నెండు నెలల వీసా ఒకటి మొదలుపెట్టింది. ఏడాదంతా సముద్రం ఒడ్డున కూర్చోవచ్చు, కాకపోతే ఏడాదికి 50,000 డాలర్ల ఆదాయం ఉంటుందని రాసివ్వాలి, ఒక్కరికైతే 2,000 డాలర్ల ఫీజు కట్టాలి. పోర్చుగల్ 2022 అక్టోబరులో తెరిచిన ఇలాంటి వీసాకి అక్కడి కనీస వేతనానికి నాలుగింతల సంపాదన చూపించాలి. జపాన్ 2024లో తెచ్చినదానికి ఏడాదికి కోటి యెన్‌ల ఆదాయం కావాలి, ఇంతా చేసి ఇచ్చేది ఆరు నెలలు, పొడిగింపు లేదు. మనిషికి ఆరు నెలలకి మించి ప్రశాంతత పడదని వాళ్ళ అంచనా కాబోలు. ఈ పరుగు నా వల్ల కాదు మహాప్రభో, పక్కకి తప్పుకుంటానని మొరపెట్టుకుంటే, అలాగే, ముందు పరుగులో నువ్వు ముందున్నావని రుజువు పట్టుకురా అంటారన్నమాట.

రుజువులు తెచ్చాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సు, నా మీద కేసులేవీ లేవని పోలీసు సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ అసలైనదేనని దాని మీద అపోస్టిల్ ముద్ర. ఈ ముద్ర 1961లో హేగ్‌లో దేశాలన్నీ కూర్చుని పేపర్‌వర్క్ తగ్గించడానికి చేసుకున్న ఒప్పందం పుణ్యం. తగ్గించాక ఇంతుంది. ఆ క్యూలో నా ముందాయన మెడిటేషన్ యాప్ పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, ఆయన నంబరు పిలిచారు, ఆయనకి వినబడలేదు, నేనూ లేపలేదు. ఎదుటివాడి ప్రశాంతత చెడగొట్టకూడదు కదా.

ఇంత తతంగం వద్దు, టూరిస్టులా తిరిగేస్తామనే వాళ్ళకి, యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాల్లో ఒక లెక్కుంది, ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. అంటే మూడు నెలలు మనశ్శాంతి, మూడు నెలలు ఇంటర్వెల్. ఇక చాలా దేశాల్లో ఏడాదికి 183 రోజులు ఉంటే పన్నులవాళ్ళ దృష్టిలో మనం అక్కడివాళ్ళమే. 182వ రోజు సాయంత్రం దాకా సూర్యాస్తమయం చూడండి, మర్నాడు ఆడిటర్ని చూడండి.

పన్నుకీ ఏకాంతానికీ ఉన్న ఈ చుట్టరికం ఇవాళ్టిది కాదులెండి. ఏకాంతవాసులకి ఆదిగురువైన హెన్రీ డేవిడ్ థోరో 1845 జులై 4న అమెరికాలోని కాంకర్డ్ దగ్గర వాల్డెన్ చెరువొడ్డున చిన్న ఇల్లు కట్టుకుని చేరి, రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు అక్కడే ఉన్నాడు. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది, ఊరు మైలున్నర దూరం, చెరువు పక్కనుంచే రైలు. 1846 జులైలో ఒకరోజు బాగుచేతకిచ్చిన బూటు తెచ్చుకుందామని ఊళ్ళోకి వెళ్తే, కొన్నేళ్ళుగా కట్టని పన్ను కింద పట్టుకుని ఆ రాత్రికి జైల్లో పెట్టారు. ఆయన కట్టకపోవడానికి బానిసత్వం మీద నిరసన అనే పెద్ద కారణముంది, మనకి అంత లేదు. నాకు నచ్చింది మాత్రం ఇంటి ఖర్చు పద్దు. మొత్తం 28 డాలర్ల 12½ సెంట్లని రాసిపెట్టుకున్నాడు. ప్రపంచాన్ని వదిలేసినవాడు అర సెంటుని వదల్లేదు.

సరే, నా సంగతికొస్తాను. ఊరి పేరు చెప్పను, చెబితే మీరూ బయల్దేరతారు. బస్సు దిగేసరికి స్టాపులో ఒక కుర్రాడు పెద్ద సూట్‌కేసుతో అదే బస్సు కోసం నిలబడి ఉన్నాడు. నాది దింపడానికి అతను సాయం పట్టాడు, అతనిది ఎక్కించడానికి నేను పట్టాను. సిటీకా అని అడిగితే, అవును, ఉద్యోగానికి, ఇక్కడేముంది అన్నాడు. నేను కొండనీ చెట్లనీ గాల్లో చేత్తో గీసి ఇదంతా ఉందిగా అన్నాను. జ్వరమొచ్చినవాణ్ణి చూసినట్టు ఒక్కసారి చూసి బస్సెక్కేశాడు. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో 2007 ప్రాంతంలోనే ప్రపంచ జనాభాలో సగం మంది పట్నవాసులైపోయారట, నేను నా వంతుగా లెక్క సరిచేద్దామని వచ్చాను గానీ ఆ కుర్రాడు అక్కడికక్కడే చెల్లుకి చెల్లు చేశాడు. ఊళ్ళో మిగిలినవాళ్ళతో పోలిస్తే నేనే పిల్లాణ్ణి.

మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. చప్పుడు లేక కాదు, ఫ్రిజ్ వల్ల. సిటీలో ఫ్రిజ్‌కి గొంతుందని నాకెప్పుడూ తెలియలేదు. ఇక్కడ గుర్రుమని మొదలై, కాసేపు అదే శ్రుతిలో సాగి, ఆగేటప్పుడు మాత్రం ఎవరో అలిగి తలుపేసుకున్నట్టు దబ్‌మనేది, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని నేను కళ్ళు తెరుచుకుని ఎదురుచూసేవాణ్ణి. మూడో రాత్రి ప్లగ్గు పీకేశాను. అప్పుడు గోడ గడియారం వినబడింది. దాని బ్యాటరీ తీసేశాను. అప్పుడు నా చెవిలోనే ఏదో కూత వినబడటం మొదలైంది, దానికి ప్లగ్గు ఎక్కడుందో దొరకలేదు. పాలు విరిగిపోయాయి.

ప్రపంచంతో సంబంధాలు తెంచుకుందామని నా సిమ్ కార్డు పాత ఫోన్‌లో వేసి మా బావమరిది దగ్గర వదిలేసి వెళ్ళాను. ఎంత తెలివైన పనో వారంలో తెలిసింది. బ్యాంకులో ఏం చేయాలన్నా ఓటీపీ ఆ ఫోన్‌కే పోతుంది. కరెంటు బిల్లు కట్టాలంటే బావమరిది, బూట్లు కొనాలంటే బావమరిది. మొదట్లో పాపం అంకెలు మాత్రం చెప్పేవాడు. తర్వాత "బావా, పోయిన నెలేగా బూట్లు కొన్నావ్" అనడం మొదలుపెట్టాడు. మూడో నెల నుంచి ఓటీపీ కావాలంటే ముందు కారణం చెప్పాలి. పది నిమిషాల్లో అది చెల్లకుండా పోతుందని నేను మొత్తుకుంటుంటే, "అక్కడ ఖాళీగానే ఉన్నావుగా, తొందరేంటి" అని, ఆగి, మా చిన్నదాని ప్రాజెక్టు రిపోర్టు కొంచెం చూసి పెట్టమనేవాడు. ప్రశాంతంగా ఉండటానికి వెళ్ళినవాడు ఖాళీగా ఉన్నాడని చుట్టాలందరూ ఏకగ్రీవంగా నమ్ముతారు. ఆ ఏడాది నేను రెండు పెళ్ళి కార్డులు డిజైన్ చేశాను.

ఇక పక్కింటి మామ్మగారు. ఆవిడకొక పుంజు. నేను మోరిస్ కేసు చదివింది అక్కడికెళ్ళి, ఆ పుంజుని విన్నాకే. అయితే మా వివాదం తిరగబడింది. వీసాకి ఆదాయం చూపించాలంటే ఉద్యోగం మానకూడదు, ఉద్యోగం మానకపోతే పొద్దున తొమ్మిదింటి మీటింగు తప్పదు, అది ఆ ఊళ్ళో తెల్లవారుజామున నాలుగున్నర. నెట్ సిగ్నల్ కిటికీ దగ్గరే అందేది. కాబట్టి రోజూ నాలుగున్నరకి లైటేసి, కిటికీ తెరిచి, "వినిపిస్తోందాండీ? నా స్క్రీన్ కనబడుతోందా? మీరు మ్యూట్‌లో ఉన్నారు" అని లోయంతా వినబడేలా అరిచేవాణ్ణి. కోడికి లోపలే ఒక గడియారం ఉంటుందనీ, కానీ వెలుగూ చప్పుడూ తగిలితే కూత పుడుతుందనీ జపాన్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు, దాన్ని నేను ఇంకోసారి రుజువు చేసినట్టయింది. పదిహేనో రోజు మామ్మగారు వచ్చి ఫోన్‌లో ఏదో మాట్లాడి నా ముందు పెట్టారు. అనువాదం యాప్ ఏ భావమూ లేని గొంతుతో చదివింది: "నీ వలన నా కోడికి నిద్ర లేదు."

కోర్టుకెళ్తే ఎవరు గెలుస్తారో అప్పటికి నాకు తెలుసు. సిగ్నల్ పెంచే డబ్బా ఒకటి కొని (ఓటీపీ కోసం మా బావమరిదికి కోడి సంగతంతా మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది) బట్టల బీరువాలోకి మారాను. కోట్లు పక్కకి నెట్టి, చిన్న స్టూలు వేసుకుని, తలుపు దగ్గరగా లాక్కుని మీటింగుల్లో కూర్చునేవాణ్ణి. వెనకాల హ్యాంగర్లు కనబడితే బాగోదని, మా కిటికీలోంచి కనబడే కొండని ఫొటో తీసి స్క్రీన్ మీద బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టుకున్నాను. "ఎంత అదృష్టమండీ మీది" అనేవాళ్ళు అందరూ. బీరువాలో నాఫ్తలీన్ ఉండల వాసన మధ్య నుంచి నేను నవ్వేవాణ్ణి.

జర్మనీ వెళ్ళాల్సిందని ఒక మిత్రుడన్నాడు. అక్కడ ఆదివారం డ్రిల్లు ముట్టకూడదు, గాజు సీసాలు రీసైక్లింగ్ డబ్బాలో వేసినా చప్పుడవుతుందని ఊరుకోరు, రాత్రి పదైతే గప్‌చుప్. బాగానే ఉంది గానీ ఆ నిశ్శబ్దాన్ని మనం కూడా పాటించాలట. ఆ ఏర్పాటు నా ప్లానులో లేదు. సిసిలీలో సంబూకా అనే ఊరు ఖాళీ అయిపోతోందని 2019లో ఇళ్ళని ఒక్క యూరో నుంచి వేలం వేశారు, షరతల్లా మూడేళ్ళలో కనీసం 15,000 యూరోలు పెట్టి బాగుచేయించుకోవాలి. నిశ్శబ్దం కోసం దేశదేశాల నుంచి వచ్చినవాళ్ళందరూ ఒకేసారి గోడలు పగలగొట్టించడం మొదలుపెడితే ఆ వీధులు ఎలా మోగుతాయో ఊహించుకోండి.

ఏడాది అయ్యాక వెనక్కొచ్చేశాను. వచ్చేరోజు మామ్మగారు ఆరు గుడ్లు చేతిలో పెట్టారు, ఫోన్ మాత్రం తీయలేదు, ఆవిడ మొహంలో సంతోషానికి అనువాదం అక్కర్లేకపోయింది. ఇక్కడ పై అంతస్తులో డ్రిల్లు ఇంకా నడుస్తూనే ఉంది. వారం క్రితం ఆ డ్రిల్లు ఆసామే కిందికి దిగి వచ్చాడు, ఒంటినిండా సిమెంటు దుమ్ము. ఈ రొద తట్టుకోలేకపోతున్నాడట. తనూ ఒక ఏడాది ఎక్కడికైనా వెళ్ళిపోయి, పాడుబడ్డ ఇల్లొకటి కొనుక్కుని, తన చేత్తోనే కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ బతుకుతాడట, పనిముట్లన్నీ ఎలాగూ ఉన్నాయి కాబట్టి. మీరెళ్ళిన ఊరు పేరేంటండీ అని అడిగాడు.

చెప్పాను. బస్సు టైములు కూడా రాసిచ్చాను.