మా బావగారి బురఖా మెసేజ్‌కి జవాబు

ఆ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. కాలేజీ గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, ఇవాళ పొద్దున్నే మా బావగారి దగ్గర్నుంచి. "యూరప్ మొత్తం బురఖాను నిషేధించింది. వేలాది బురఖాలతో నిండిపోయిన స్విట్జర్లాండ్ కూడా మేలుకుంది. ఇదంతా భద్రత కోసమే. ముస్లిం ఆడవాళ్లకు ఫ్రాన్స్ స్వేచ్ఛ ఇచ్చింది." ఇదీ సారాంశం. ఆయనతో ఫోన్లో వాదించే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

యూరప్ మొత్తం కాదు. బ్రిటన్‌లో అలాంటి చట్టమే లేదు. నెదర్లాండ్స్‌లో బడులు, ఆసుపత్రులు, బస్సులు, ప్రభుత్వ ఆఫీసుల్లోనే వద్దన్నారు, వీధిలో వేసుకోవచ్చు. ఇక మెసేజ్‌తో వచ్చిన ఫొటోలో అమ్మాయి తలకు స్కార్ఫ్ మాత్రమే చుట్టుకుంది. ఫ్రాన్స్ చట్టం వద్దన్నది ముఖం కప్పే ముసుగునే కాబట్టి, ఆమె పారిస్ నడివీధిలో నిక్షేపంగా తిరగొచ్చు.

స్విట్జర్లాండ్ సంగతి. 2021 మార్చిలో ఓటింగ్ పెడితే 51.2 శాతం మంది నిషేధానికి సరేనన్నారు, అది నిజం. కానీ ఆ "వేలాది" ఎక్కడివి? ఓటింగ్‌కి ముందు లూసెర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం, ఆ దేశంలో నఖాబ్, అంటే కళ్లు తప్ప ముఖమంతా కప్పే ముసుగు, వేసుకునేవాళ్లు 20 నుంచి 30 మంది. మా అపార్ట్‌మెంట్ కిట్టీ పార్టీకి అంతకంటే ఎక్కువ మందే వస్తారు.

భద్రత అంటారా, బ్యాంకులో, ఎయిర్‌పోర్టులో ముఖం చూపించాల్సిందే. కాదన్నదెవరు? ఫ్రాన్స్ చట్టం మీద యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కిన యువతి కూడా అలాంటి తనిఖీల్లో ముసుగు తీయనని అనలేదు. 2020లో కరోనా వచ్చాక అదే ఫ్రాన్స్‌లో బస్సెక్కినవాళ్లు మాస్కు పెట్టుకోకపోతే 135 యూరోల జరిమానా. నఖాబ్ వేసుకుంటే 150 వరకు. ముఖం కప్పుకోకపోయినా తప్పే, కప్పుకున్నా తప్పే!

నాకు అసలు ఒళ్లు మండేది ఆ చివరి మాటకి. స్వేచ్ఛ ఇచ్చారట! 2011 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు అక్కడి ప్రభుత్వమే వేసిన లెక్కలో దేశం మొత్తం మీద ముఖం కప్పుకునే ఆడవాళ్లు సుమారు 1,900 మంది. వాళ్లలో కొందరిని ఇంట్లోవాళ్లు బలవంతపెడుతూ ఉండొచ్చు. బలవంతం చేసినవాడికి ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా అని అదే చట్టంలో ఉంది. బాగుంది. కానీ వీధిలో పోలీసు ఆపేది ఎవర్ని? ఆమెనే. ముసుగు లేకుండా గడప దాటొద్దని మొగుడు, ముసుగుతో వీధిలోకి రావద్దని పోలీసు. ఇక ఆమె వెళ్లేదెక్కడికి, వంటింట్లోకా? ఈ చట్టం వల్ల ఆడవాళ్లు ఇళ్లకే పరిమితమైపోవచ్చని 2018లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ కూడా అంది. ఇంత గొప్ప విముక్తి మా బావగారికి మాత్రం భలే నచ్చింది. ఆయన ఇంట్లో మా అక్క బయటికెళ్లాలంటే ఇప్పటికీ ఆయన్నడగాలి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 2014లో ఆ యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఫ్రాన్స్ వైపే తీర్పిచ్చింది. భద్రత, స్త్రీ పురుష సమానత్వం అన్న వాదనలతో ఇంత నిషేధం కుదరదని చెప్పి, నలుగురూ కలిసి బతకాలంటే ముఖాలు కనపడాలన్న వాదనను మాత్రం ఒప్పుకుంది. ఆ వాదనను నేనూ కొట్టిపారెయ్యలేను. మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్లినప్పుడు బస్సులో ఎదురు సీట్లో నఖాబ్ వేసుకున్న ఒకావిడ కూర్చుంది. ఒళ్లో ఉన్న పాప తను కొరికిన బిస్కెట్ ముక్కను ముసుగు కిందనుంచి తల్లి నోట్లో పెడుతోంది. నేను నవ్వాను. ఆవిడ తిరిగి నవ్విందో లేదో తెలియలేదు. దిగేదాకా నాకు అదోలా ఉంది.

అదోలా అనిపించింది నాకు. జరిమానా ఆవిడ కట్టాలా, బావగారూ?