పడ్డ ముక్క గుర్తుపెట్టుకున్న నేరానికి

కాసినోవాళ్ల కష్టం గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. మిర్చి రైతు గురించి రాస్తారు, నిరుద్యోగుల గురించి రాస్తారు, ఆఖరికి హన్మకొండ రోడ్ల మీది గుంతల గురించి కూడా రాస్తారు. కానీ పణజి దగ్గర మాండవి నదిలో ఓడలు నిలబెట్టి, వాటికి లైట్లు తగిలించి, వచ్చినవాళ్లకు పాటా ఆటా చూపించి, ఇంత చేశాక ఎవడో కాజీపేటలో రైలెక్కిన పిల్లగాడు వచ్చి బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల ముందు కూర్చొని, పడ్డ ముక్కలకు మనసులో కూడికలు చేసుకుంటుంటే ఆ యజమాని ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఎవరన్నా ఆలోచించారా? నేను ఆలోచించాను. అందుకే రాస్తున్నా.

మా వాడకట్టులో ఒక బీటెక్ పిల్లగాడున్నాడు. సెలవులు ఇచ్చారంటే మంచం మీద పేక పెట్టుకొని ఒక్కో ముక్క తిప్పుతూ "ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి" అని గొణుగుతుంటాడు. వాళ్ల నాయిన "ఏందిరా, పొద్దటిసంది పత్తాలు ముందలేసుకొని జపం చేస్తున్నవ్?" అంటే "ప్రాబబిలిటీ నాయినా, సిలబస్‌ల ఉన్నది" అన్నాడు. అబద్ధమేమీ కాదు. 2 నుంచి 6 దాకా ఏది పడ్డా ఒకటి కలపాలి, 7, 8, 9 పడితే ఊరుకోవాలి, పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేయాలి. పేక అయిపోయేసరికి సున్నా రావాలి. రాలేదంటే మధ్యలో ఎవరో చాయ్‌కి పిలిచారన్నమాట. ఈ ఆటలో 21 దాటకుండా, కాసినో తరఫున ముక్కలు పంచే డీలర్ కంటే ఎక్కువ తెచ్చుకున్నవాడిదే గెలుపు. మొదటి రెండు ముక్కలే ఆసూ పదీ (బొమ్మలు కూడా పదే) అయితే అది బ్లాక్‌జాక్. చిన్న ముక్కలు ముందే పడిపోతే మిగిలినవాటిలో పెద్దవి ఎక్కువ ఉంటాయి. అప్పుడు బ్లాక్‌జాక్ పడే అవకాశం పెరుగుతుంది, పైగా 16 దగ్గర కూడా ముక్క లాగక తప్పని డీలర్ 21 దాటి పేలిపోతాడు. పడిపోయిన ముక్కల్ని బట్టి పందెం పెంచితే కాసినోను గెలవొచ్చని ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల ప్రొఫెసర్ 1962లోనే అచ్చేసి మరీ చెప్పాడు. కాసినోలకు అప్పటినుంచి ఈ గోస.

ఉత్త కూడికతో కూడా అయిపోదు. ఆరు పేకలు, అంటే 312 ముక్కలు కలిపి ఆడించే బల్ల దగ్గర మీ లెక్క +8 వచ్చిందనుకోండి, ఇంకా నాలుగు పేకలు మిగిలి ఉంటే, దాన్ని నాలుగుతో భాగించగా వచ్చే అసలు లెక్క +2 మాత్రమే. ఈ భాగహారం కూడా మొహంలో కనపడకుండా చేయాలి. ఆ తర్వాత డాన్ ష్లెసింజర్ అనే ఆయన ఏరిపెట్టిన 18 సవరణలు, అంటే లెక్కను బట్టి మామూలు ఆటను ఎక్కడ మార్చాలో, బట్టీ పట్టాలి. డీలర్ ముందు ఆసు ఉన్నప్పుడు, అతనికి బ్లాక్‌జాక్ పడుతుందని పక్కన కాసే ఇన్సూరెన్స్ పందెం మామూలుగా దండగ, అసలు లెక్క +3కి చేరితే తీసుకోవాలి. మీ చేతిలో 16, డీలర్ ముందు పది ఉంటే మామూలుగా ఇంకో ముక్క అడగాలి, లెక్క సున్నా దాటితే అడగకుండా ఆగిపోవాలి. డీలర్ ముందు 6 ఉండి లెక్క +4కి చేరితే మీ చేతిలో రెండు పదులున్నా, అంటే 20 ఉన్నా, రెండు చేతులుగా విడదీసి ఆడాలి. ఈ చివరిది నిజంగా చేశారో, పక్కనున్నవాళ్లు మిమ్మల్ని పిచ్చోడనుకుంటారు, పైన కెమెరా దగ్గర కూర్చున్నాయన మాత్రం అనుకోడు.

ఇంత చదువు చదివితే వచ్చేదెంత? మంచి రూల్స్ ఉన్న బల్ల మీద అసలు లెక్క +2 ఉన్నప్పుడు మీకుండే పైచేయి సుమారు అర శాతం. వెయ్యి రూపాయల పందేనికి సగటున ఐదు రూపాయలు. అదీ లెక్క మంచిగున్నప్పుడే, మిగతా సేపంతా పైచేయి కాసినోదే. మనవాళ్లు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి ఈ ఐదు రూపాయల మీద పెట్టే ధైర్యం చూస్తే నాకు కాకతీయుల సైన్యం ఏమైపోయిందో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ ఐదు రూపాయలనూ తినేయడానికి బల్ల మీద చిన్న అక్షరాలు చాలు. బ్లాక్‌జాక్ పడితే 3:2 లెక్కన వెయ్యికి 1500 రావాలి. 6:5 అని రాసి ఉన్న బల్ల మీద 1200 చేతిలో పెడతారు. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకు ఒకసారి పడుతుంది కాబట్టి ఆ మూడొందల కోత ఆటకు 14 రూపాయలు పడుతుంది. అంటే 18 సవరణలు నిద్రలో అడిగినా చెప్పే మావాడు ఆ ఒక్క గీత చదవకుండా కూర్చుంటే సంపాదించేది ఐదు, పోగొట్టుకునేది 14. జెండా పాట రేటు విని బస్తాలేసుకొచ్చి, తీరా కాంటా దగ్గర ఇంకో రేటు విన్న మిర్చి రైతుకైతే నేను ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆసును 11గా లెక్కేసిన 17 మీద డీలర్ ఇంకో ముక్క తీసుకునే రూల్ ఉంటే ఇంకో 0.2 శాతం కోత. పడ్డ ముక్కల్ని పడ్డట్టే మళ్లీ లోపలేసుకొని కలిపే మిషన్ ఉందంటే ఇక లెక్కే లేదు, గమ్మున లేచి బయట గాలి పీల్చుకోవడం మేలు.

ఇప్పుడు అసలు తమాషా. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 13 ముక్కల రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని చెప్పింది. ఎందుకట? పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి. అంటే మామిడి తోటలో చాప పరిచి, ఇస్పేటు రాణి ఎప్పుడు పడిందో గుర్తుపెట్టుకొనే మన పెద్దమనిషి విద్యకు దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ముద్ర ఉంది. అయితే 2017లో తెలంగాణ తన చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం పేరు చెప్పుకొని తప్పించుకునే దారి మూసేసింది. కాబట్టి ఇక్కడ గుర్తుపెట్టుకున్నా టాస్క్‌ఫోర్స్ వచ్చి పత్తాలు, సెల్‌ఫోన్లు, బండ్లతో సహా పట్టుకుపోతుంది. సరే, జూదం చట్టబద్ధమైన చోటికి పోదామంటే అక్కడ గుర్తుపెట్టుకోవడమే తప్పు! అమెరికాలో, నెవాడా రాష్ట్రంలో బుర్రతో లెక్కపెట్టడం నేరం కాదు, కానీ "మీ ఆట బాగుంది, ఇక వేరే ఏదన్నా ఆడుకోండి" అని మర్యాదగా భుజం తట్టి బయటికి పంపొచ్చు. న్యూజెర్సీలో కెన్ యూస్టన్ అనే ఆటగాడు కోర్టుకెక్కి, లెక్కపెట్టినందుకే గెంటేసే హక్కు కాసినోకు లేదని 1982లో గెలిచాడు. కాసినోలు తీర్పును గౌరవించాయి. గెంటడం మానేసి, లెక్కపెట్టేవాడు పందెం పెంచగానే ముక్కలన్నీ మళ్లీ కలపడం మొదలుపెట్టాయి.

మన ప్రభుత్వం మాత్రం ఈ గొడవలన్నిటికీ అతీతంగా, ఏ లెక్కా పెట్టకుండానే గెలుస్తుంది. కాసినోలో పందేనికి దిగకముందే జీఎస్టీ, 2023 అక్టోబర్ నుంచి 28 శాతం, తర్వాత అదీ పెరిగింది. పేకాటలో వచ్చిన గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, పోగొట్టుకున్నది అందులోంచి తీసేస్తామంటే కుదరదు. అర శాతం పైచేయి కోసం మావాడు మంచం మీద చేస్తున్న తపస్సును ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి. థోర్ప్ గారు కూడా ఈ బల్ల దగ్గర కూర్చునేవారు కాదు.

కాబట్టి కాసినోల రక్షణ కోసం నాదొక విన్నపం. ప్రతి ఆటగాడూ లోపలికి పోయే ముందు "ఇతనికి లెక్కలు రావు" అని తహసీల్దారు సంతకంతో మీసేవ సర్టిఫికెట్ చూపించాలని జీవో తీయాలి. ఇబ్బందల్లా మావాడిలాంటి వాళ్లతోనే. ఇంటర్ మెమోలో లెక్కలకు 75కి 75 కనపడుతుంటే ఏ తహసీల్దారు సంతకం పెడతాడు? అలాంటి కేసుల్లో ఆర్డీఓకు అప్పీలు చేసుకునే వెసులుబాటు ఉండాలి, మార్కులు పొరపాటున పడ్డాయని ఇద్దరు సాక్షులతో అఫిడవిట్ తీసుకోవాలి, సాక్షులకు కూడా లెక్కలు రావని వేరే సర్టిఫికెట్ జత చేయాలి.