మార్కప్ తిరిగొస్తుందన్న నమ్మకం వద్దు

అమెరికాలో స్పోర్ట్స్ కారుకి స్టిక్కర్ ధర (కంపెనీ సూచించే ధర) మీద డీలర్ ఎంత ఎక్కువ అడిగినా, అంటే ఎంత మార్కప్ వేసినా, అమ్మేటప్పుడు ఆ డబ్బు తిరిగొస్తుందని ఒక వ్యాసంలో రాశారు. దీన్ని నేను ఒప్పుకోలేను.

పోర్షా 911 ఆర్ సంగతే చూడండి. 2016లో వచ్చింది, మొత్తం 991 కార్లే, అన్నీ మాన్యువల్ గేర్‌బాక్స్‌తో. స్టిక్కర్ ధర సుమారు 1,85,000 డాలర్లు. కొన్నాళ్లకే పది లక్షల డాలర్లు చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. 2017లో కంపెనీ 911లోనే ఇంకో రకమైన జీటీ3లో మాన్యువల్ మళ్లీ ఇచ్చింది, 911 ఆర్‌లాగే వెనక పెద్ద రెక్క లేని టూరింగ్ ప్యాకేజీ కూడా తెచ్చింది. అంతే, 911 ఆర్ ధరలు దిగొచ్చాయి. ధర బాగా ఎక్కినప్పుడు కొన్నవాళ్లు ఇరుక్కుపోయారు. కంపెనీ రేపు ఏ మోడల్ తెస్తుందో డీలర్ హామీ ఇవ్వగలడా?

త్వరగా అమ్మేద్దామన్నా అంత సులువు కాదు. కొత్త ఫోర్డ్ జీటీ కొన్నవాళ్లు రెండేళ్లు అమ్మబోమని సంతకం పెట్టాల్సి వచ్చింది. కోర్వెట్ జడ్06ని ఏడాదిలోపు అమ్మితే కొన్ని వారంటీలు కొత్త ఓనరుకి దక్కవని 2022లో జనరల్ మోటార్స్ చెప్పింది.

స్టిక్కర్ మీద ఉండేది కంపెనీ సూచించే ధర మాత్రమే, డీలర్లు సొంత వ్యాపారులు కాబట్టి పైన వేసుకుంటారు. సంతకం పెట్టేముందు బిల్లులో ‘మార్కెట్ అడ్జస్ట్‌మెంట్’ (మార్కప్‌కి డీలర్లు పెట్టే పేరు) అనే లైన్ ఉందేమో చూడండి. ఉంటే తీసేయమని గట్టిగా అడగండి, తీయకపోతే ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి.