కంప్యూటర్ మనది, తాళంచెవి ఎవరి దగ్గర?

నెలలో 19వ తేదీ రాత్రి తిరుపతిలో ఏ ఆడిట్ ఆఫీసుకు పోయినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. మర్నాటితో నెలవారీ జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు. అలాంటి ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నాకు ఫోన్ వచ్చింది. "ఇంటి నుంచి సర్వర్ తెరుచుకోలా సా. పొద్దున పోయింది. సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్‌లో ఏందేందో చెప్పి చేపించినాడు, వచ్చింది. సాయంత్రం కరెంటు పోయి వచ్చినాక మళ్ళీ పోయింది."

వెళ్ళి చూశాను. ఆ పొద్దున బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళు పాత రూటర్ తీసి కొత్తది పెట్టి పోయారు. పాతది ఆఫీసు కంప్యూటర్లకు 192.168.1 వరుసలో చిరునామాలు ఇచ్చేది, కొత్తది 192.168.29 వరుసలో ఇస్తోంది. సర్వర్ ఇల్లు మారింది, దాన్ని వెతుక్కుంటూ వచ్చే కనెక్షన్ మాత్రం పాత ఇంటి తలుపే తడుతోంది. ఉన్న జబ్బు అంతే. ఫోన్‌లో వైద్యం చేసినాయన ఆ సంగతి కనుక్కోకుండానే బయటి కనెక్షన్లను వడపోసే విండోస్ ఫైర్‌వాల్ ఆపించాడు. యాంటీవైరస్ ఆపించాడు. లాగిన్‌కు ముందే పాస్‌వర్డ్ అడిగే నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ టిక్కు తీయించాడు. పాస్‌వర్డ్‌ను ఆఫీసు పేరు పక్కన 123గా మార్పించాడు. చివరికి రూటర్‌లో డీఎంజెడ్ ఆన్ చేయించి సర్వర్ కొత్త చిరునామా అందులో రాయించాడు. ఆ చివరి పనితో కనెక్షన్ వచ్చింది. సాయంత్రం కరెంటు పోయి రూటర్ మళ్ళీ లేచినప్పుడు సర్వర్‌కు ఇంకో చిరునామా ఇచ్చింది. కథ మొదటికొచ్చింది.

రూటర్‌లో సర్వర్‌కు ఒక చిరునామా శాశ్వతంగా కేటాయించడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. ఆయన తెరిపించిన తలుపులన్నీ వెతికి మూయడానికి గంటన్నర పట్టింది. డీఎంజెడ్ అంటే బయటి నుంచి వచ్చే ప్రతి పలకరింపునూ నేరుగా ఆ ఒక్క కంప్యూటర్ మీదికి వదలడం. వందల మంది వ్యాపారుల లెక్కలు, పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న యంత్రం ఆ పొద్దున్నుంచి సాయంత్రం కరెంటు పోయేదాకా ఊరి నడిబజారులో తలుపులు బార్లా తీసి కూర్చుంది. నేను పోకపోయి ఉంటే మళ్ళీ అలాగే ఇంకెన్నాళ్ళు కూర్చోబెట్టేవాళ్ళో!

పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మన దగ్గర రిమోట్ యాక్సెస్, అంటే ఒకచోట కూర్చుని ఇంకోచోటి కంప్యూటర్‌ను నడపడం, దానివల్ల వచ్చే ప్రమాదాలకు మూలం ఎక్కడో కూర్చున్న హ్యాకర్ తెలివితేటల్లో కన్నా, మనం మరమ్మతు చేసే తీరులోనే ఎక్కువగా ఉంది. కనెక్ట్ కానప్పుడు తాళాలు ఒక్కొక్కటే తీస్తూ పోతాం. ఏదో ఒకదానికి పని జరుగుతుంది. ఏది తీస్తే జరిగిందో చూసుకోం. తీసినవి తిరిగి వేయం.

'కనెక్ట్ కాలేదు' అన్న ఒక్క మాట కింద పొంతన లేని జబ్బులు చాలా ఉంటాయి. తెర మీద వచ్చే సందేశాన్ని నిదానంగా చదివితే సగం రోగం అక్కడే తెలుస్తుంది. యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని వచ్చిందంటే నెట్‌వర్క్ దారి మొత్తం బాగున్నట్టే, ఇక ఫైర్‌వాల్ జోలికి పోవాల్సిన పనే లేదు. అసలు కంప్యూటరే దొరకలేదంటే, ముందు అదే ఆఫీసులో ఇంకో కంప్యూటర్ నుంచి ప్రయత్నించాలి. లోపలి నుంచి తెరుచుకుని బయటి నుంచి రాకపోతే తప్పు రూటర్‌లోనో, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్ళ దగ్గరో ఉంది. లోపలి నుంచి కూడా రాకపోతే ఆ కంప్యూటర్ నిద్రపోయి ఉండాలి, చిరునామా మారి ఉండాలి, లేదా దాని ఫైర్‌వాల్ ఆపుతూ ఉండాలి. ఆ అనుమానం కూడా ఒక్క లైనుతో తీరుతుంది. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ అని కొట్టి, చిరునామా, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్లు వచ్చే తలుపు నంబరు (పోర్టు) 3389 ఇస్తే ట్రూ అనో ఫాల్స్ అనో చెబుతుంది. ట్రూ వస్తే దారి తలుపు దాకా ఉంది, ఫైర్‌వాల్ నిర్దోషి. ఫాల్స్ వచ్చినా ఫైర్‌వాల్ మొత్తం ఆపక్కర్లేదు, ఆ ఒక్క పోర్టు, అదీ మనకు కావాల్సిన చిరునామాలకు మాత్రమే అనుమతిస్తే చాలు.

తెర నల్లగా వచ్చే సమస్య ఇంకో రకం. లాగిన్ అవుతుంది, మౌస్ గుర్తు కనిపిస్తుంది, మిగతాదంతా చీకటి. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ డేటా పంపడానికి టీసీపీ అనే పద్ధతితో పాటు యూడీపీ అనే ఇంకో పద్ధతిని కూడా వాడుకుంటుంది. కొన్ని లైన్ల మీద యూడీపీ సరిగ్గా నడవదు. కనెక్ట్ అయ్యే కంప్యూటర్‌లో యూడీపీ వాడొద్దని పాలసీ పెడితే చాలాసార్లు తెర వెలుగుతుంది. దూరం నుంచి ఇంకో కంప్యూటర్‌ను నడిపే ఎనీడెస్క్ ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయకుండా ఊరికే తెరిచి వాడుతుంటే, అడ్మిన్ అనుమతి అడిగే పెట్టె వచ్చినప్పుడు అవతలివాళ్ళకు తెర బిగుసుకుపోతుంది. దానికి మందు ఇన్‌స్టాల్ చేయడం. మనవాళ్ళు చాలామంది ఆ అనుమతి పెట్టె రాకుండా, దాన్ని చూపించే యూఏసీ అనే కాపలానే తీసేస్తారు. ప్రతి జబ్బుకూ చిన్న సరైన మందు ఒకటుంటే, పక్కనే పెద్ద తప్పుడు మందు ఇంకొకటి ఉంటుంది. ఫోన్‌లో చెప్పడానికి ఆ పెద్దదే సులువు.

ఆడిట్ ఆఫీసుల్లోనే కనిపించే ఇంకో గొలుసు ఉంది. మామూలు విండోస్ ప్రోలో ఒకసారి ఒక్కరే రిమోట్‌గా పని చేయగలరు. నలుగురు చేయాలంటే సర్వర్ ఎడిషన్, దానికి లైసెన్సులు కావాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒకేసారి పలువురిని లోపలికి వదిలే ఆర్‌డీపీ వ్రాపర్ అనే చిట్కా పెట్టిస్తారు. లైసెన్సు నిబంధనలకు అది విరుద్ధం. పైగా విండోస్ అప్‌డేట్ వచ్చి లోపలి ఫైలు మారిన ప్రతిసారీ అది పడిపోతుంది. యాంటీవైరస్ దాన్ని అనుమానించి తీసేస్తుంది. రెండుసార్లు అట్లా జరిగాక ఆఫీసులో తీసుకునే నిర్ణయం నాకు కంఠతా వచ్చు: అప్‌డేట్లు ఆపేయండి, ఆ ఫోల్డర్‌ను యాంటీవైరస్ నుంచి మినహాయించండి. ఒక్క లైసెన్సు మిగిలించుకోబోయి కంప్యూటర్‌కు ఉన్న రెండు కాపలాలనూ ఇంటికి పంపించేస్తారు.

అప్‌డేట్ ఆపితే ఏమవుతుందో మన జిల్లాకు తెలియనిది కాదు. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఒక లోపాన్ని సరిచేసి అప్‌డేట్ ఇచ్చింది. అది వేసుకోని యంత్రాల మీద మే నెలలో, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ పడింది. చిత్తూరు జిల్లాతో సహా రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది వచ్చింది ఫైల్ షేరింగ్ దారిలో. రిమోట్ డెస్క్‌టాప్ దారిలోనే బయటపడ్డ లోపం 2019 మేలో వచ్చిన బ్లూకీప్. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి చొరబడగలిగేంత తీవ్రమైనది కాబట్టి, మద్దతు ఎప్పుడో ముగిసిపోయిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ విడుదల చేసింది. లాగిన్‌కు ముందే పాస్‌వర్డ్ అడిగే టిక్కు వేసి ఉన్న యంత్రాలకు ఆ ముప్పు చాలావరకు తగ్గింది. ఆ రాత్రి నేను చూసిన ఆఫీసులో తీయించింది సరిగ్గా ఆ టిక్కునే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు కూడా ముగిసింది. తిలక్ రోడ్డులో, గాంధీ రోడ్డులో కౌంటర్ల మీద అది ఇంకా ఎన్ని చోట్ల నడుస్తోందో తలచుకుంటే నాకు దిగులు.

చాలామంది ఒక సంగతి గమనించరు. ఇళ్ళకు, చిన్న దుకాణాలకు వచ్చే కనెక్షన్లలో చాలావాటికి ఇప్పుడు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు. ఒకే చిరునామా వెనుక ఎంతోమందిని కూర్చోబెడతారు, సీజీనాట్ అంటారు దాన్ని. రూటర్‌లో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మీరు దాని వెనకే ఉన్నారు. బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను లోపలి కంప్యూటర్‌కు మళ్ళించే పోర్టు ఫార్వర్డింగ్ రూటర్‌లో ఎన్నిసార్లు చేసినా పని చేయదు. 'అన్నీ కరెక్టుగానే పెట్టినా రావడం లేదు' అని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది కష్టం ఇదే. అప్పుడు డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా, తీసుకుంటారు, 3389 పోర్టు తెరుస్తారు, హాయిగా కనెక్ట్ అవుతుంది. అసలు ప్రమాదం ఆ రోజే మొదలు. ఇంటర్నెట్ అంతా తిరుగుతూ తెరిచి ఉన్న పోర్టులు వెతికే ప్రోగ్రాములు దాన్ని ఎక్కువసేపు వదిలిపెట్టవు. అలాంటి యంత్రంలో విండోస్ రాసుకునే చిట్టాలను చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచి సెక్యూరిటీ లాగ్ (చిట్టా)లో 4625 నంబరు చూడండి. విఫలమైన ప్రతి లాగిన్ ఒక వరుసగా నమోదై ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, ట్యాలీ అని ఎవరెవరి పేర్లతోనో, సెకన్ల తేడాతో, పేజీలకు పేజీలు. ఒక యజమానికి ఆ తెర చూపించినప్పుడు ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

పోర్టు నంబరు మార్చేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. 3389 బదులు ఇంకేదో పెడితే తొందరలో ఉన్న దొంగ దాటిపోతాడేమో గానీ, వెతికేవాడికి దొరక్కుండా పోదు. నా మాట అడిగితే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు ఇంటర్నెట్‌కు అసలు కనిపించకూడదు. ముందు వీపీఎన్, అంటే ఇంటర్నెట్‌లో మనకు మాత్రమే తెరుచుకునే సొరంగం, దాని లోపల రిమోట్ డెస్క్‌టాప్. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సరైన తాళంచెవి లేనివాడికి జవాబే ఇవ్వదు, అక్కడొక తలుపుందనే వాడికి తెలియదు. దాని మీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటివి సీజీనాట్ వెనుక నుంచి కూడా పని చేస్తాయి కాబట్టి స్టాటిక్ ఐపీ ఖర్చు కూడా ఉండదు. ఒక సాయంత్రం కూర్చుంటే అయ్యే పని ఇది.

లాడ్జీల సంగతి వేరు. అక్కడ రిమోట్ డెస్క్‌టాప్ కంటే ఎనీడెస్క్ రాజ్యం ఎక్కువ. బస్టాండు దగ్గర ఒక లాడ్జీ కౌంటర్‌లో మానిటర్ అంచుకు స్టిక్కర్ అంటించి ఉంది. తొమ్మిదంకెల ఎనీడెస్క్ నంబరు, కిందనే పాస్‌వర్డ్, నీలం ఇంకుతో. రూము కోసం కౌంటర్ మీదికి వంగిన ప్రతి భక్తుడికీ చదువుకోవడానికి వీలుగా ఉంది. రాత్రి డ్యూటీ పిల్లవాడు నన్ను పిలిచింది ప్రింటర్ కోసం. మాటల్లో మెల్లగా చెప్పాడు: "అప్పుడప్పుడు రాత్రి రెండు గంటలప్పుడు మౌస్ దానంతటదే తిరగతా ఉండాది నా. సాఫ్ట్‌వేర్ వాళ్ళేమోలే అనుకుంటి." సాఫ్ట్‌వేర్ వాళ్ళను అడిగితే ఆ వేళల్లో మేము రాలేదన్నారు. ఎనీడెస్క్ తన కనెక్షన్ల చిట్టా ఆ కంప్యూటర్‌లోనే ఒక ఫైలులో రాసుకుంటుంది. అందులో ఎవరికీ తెలియని నంబరు ఒకటి పదే పదే కనిపించింది. ఆ యంత్రంలో యాత్రికుల ఆధార్ కాపీలు ఫోల్డర్ల నిండా ఉన్నాయి.

ఆ కౌంటర్‌కు కావాల్సింది పెద్ద టెక్నాలజీ ఏమీ కాదు. యాక్సెస్ జాబితాలో తెలిసిన నంబర్లు మాత్రమే ఉంచడం, మనిషి లేనప్పుడు పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చే వీలు తీసేయడం, లేదా రెండో అంచె ధ్రువీకరణ పెట్టడం. ఈ మూడూ ఎనీడెస్క్ సెట్టింగుల్లోనే ఉన్నాయి. తెలియని మనిషి చెప్పాడని ఎనీడెస్క్ దించుకుని డబ్బు పోగొట్టుకోవద్దని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. 2024 ఫిబ్రవరిలో ఎనీడెస్క్ సంస్థ సర్వర్లలోకే చొరబాటు జరిగిందని ఆ సంస్థే ప్రకటించింది. అదే నెలలో అలాంటిదే ఇంకో ప్రోగ్రాము స్క్రీన్‌కనెక్ట్‌లో పాస్‌వర్డ్‌తో పనిలేకుండా లోపలికి పోగలిగే లోపం బయటపడింది. కంపెనీ పెద్దదని నమ్మి కొత్త వెర్షన్ వేసుకోకుండా వదిలేయడానికి లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉండవచ్చు. లాడ్జీ యజమానికి అంత పడుతుందని నేననను. కానీ ఆ ఆధార్ కాపీలు ఎవరివో, వాళ్ళకు తను జవాబుదారీ అని మాత్రం ఆయన తెలుసుకోవాలి.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో జూన్, జూలైల్లో తోతాపురి లారీలు కాటా దగ్గర బారులు తీరతాయి. ఆ కాటాకు కలిపిన కంప్యూటర్ మరమ్మతు కూడా ఎక్కువగా రిమోట్‌లోనే. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు జరిగింది. అంటే ఆ కంప్యూటర్‌లో నమోదైన ప్రతి కిలో మీద రైతుకు రెండు చోట్ల నుంచి రావాల్సిన డబ్బు ఆధారపడింది. అందులోకి ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చారో చూపించే జాబితా ఉండాలని రైతు అడిగే రోజు రావాలి. తూకం రాయి మీద ముద్ర చూసే హక్కు ఉన్నవాడికి ఇదీ హక్కే.

రిమోట్ వద్దని నేను చెప్పడం లేదు. చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు, ఒక ప్రింటర్ సెట్టింగు కోసం బండి మీద రానూపోనూ 140. నా బతుకే దాని మీద నడుస్తోంది. చిన్న వ్యాపారికి నెలనెలా ఇంజినీరును పెట్టుకునే తాహతు లేదని కూడా తెలుసు. అందుకే అడుగుతున్నది చాలా చిన్నది. మరమ్మతు చేసినవాడు పోయేముందు ఏమేమి మార్చాడో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితం యజమాని దగ్గర ఉండాలి. ఆ 19వ తేదీ రాత్రి తర్వాత ఆ ఆఫీసులో వందపేజీల నోటుపుస్తకం ఒకటి సర్వర్ పక్కన పెట్టారు. తేదీ, వచ్చిన మనిషి, తీసినవి, తిరిగి వేసినవి. మొదటి పేజీలో ఐదు వరుసలు నా చేతిరాతే.

మౌస్ దానంతటదే తిరుగుతుంటే కంప్యూటర్ ఆపొద్దు. ముందు నెట్ కేబుల్ పీకండి, వైఫై అయితే రూటర్ ఆపండి. తెరను ఫోన్‌తో ఫొటో తీయండి. డబ్బు కదిలి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంకో కంప్యూటర్ నుంచి బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చండి. సంస్థలు ఇలాంటి చొరబాటును గుర్తించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని, 180 రోజుల లాగ్‌లు దాచాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. కంగారులో విండోస్ మళ్ళీ ఎక్కించే ముందు ఆ లాగ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. లాడ్జీ వాళ్ళు నన్ను పిలిచేసరికి పాత కంప్యూటర్ ఇంకా అలాగే ఉంది కాబట్టే ఆ తెలియని నంబరు పోలీసుల చేతికి ఇవ్వగలిగాం.